నిండుకుండ నడక

ఫోను ఆయన్ని నమ్మలేదు. గొడవంతా అక్కడ మొదలైంది.

రోజూ తెల్లవారగానే ఆయన లేచి, ముఖం కడుక్కుని, గుడ్డ బూట్లు తొడుక్కుని, చొక్కా జేబులో ఫోను పెట్టుకుని వీధిలోకి దిగేవాడు. ఇస్త్రీ కొట్టు దాటి, గోడౌన్ల వెనక సందులోంచి పార్కు చేరి, దాని చుట్టూ ఓపిక ఉన్నంతసేపు తిరిగి, వెళ్ళిన దారినే ఇంటికి వచ్చేవాడు. వచ్చేసరికి చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉండేది. ఇంతా చేసి ఫోను తీసి చూస్తే, మంచం దిగి కిటికీ దాకా వెళ్ళొచ్చినవాడు కూడా చెప్పుకోవడానికి సిగ్గుపడే అడుగుల అంకె ఉండేది అందులో.

ఆ అంకె కూతురి ఫోనులో కూడా కనబడుతుంది. అలా కనబడే ఏర్పాటు చేసింది ఆ కూతురే.

"ఇవాళ కూడా నడవలేదా నాన్నా?"

"నడిచానమ్మా."

"ఫోను నడవలేదంటోంది."

"దానికి చెప్పి వెళ్ళాలేమో, నాకు తెలీలేదు," అని ఆయన కూర్చుని బూట్లు విప్పుకునేవాడు.

బయట ఆయన అసలు పేరు తెలిసినవాళ్ళు చాలా కొద్దిమంది. అందరికీ ఆయన నిండుకుండే. కొత్తవాళ్ళు ఆ పేరు విని, శాంతమూర్తి కాబోలు అనుకుంటారు. ఆయన శాంతం సంగతి భార్యని అడిగితే చెబుతుంది. ఆ పేరు గుణం చూసి పెట్టింది కాదు, నడక చూసి పెట్టింది.

అప్పట్లో నాలుగంతస్తుల ఆఫీసు భవనం ఒకటి ఉండేది. దాని కింది భాగంలో, మెట్ల వెనక, పొగ పట్టిన గోడల మధ్య క్యాంటీను. టీ కాచేది కింద, తాగేవాళ్ళు పైన. లిఫ్టు పెద్ద అధికార్లకే. టీలు మెట్లమీదుగానే ఎక్కాలి. ఇరవై ఏళ్ళ వయసులో ఆయన అక్కడ పనికి చేరిన రోజున, గుబురు మీసాల పెద్ద సర్వర్ ఒకాయన చేతిలో ట్రే పెట్టలేదు. అంచుదాకా నీళ్ళు నింపిన గాజు గ్లాసు పెట్టాడు. వరండా ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిచి రమ్మన్నాడు. నీళ్ళు మోచేతిదాకా కారాయి.

"ఒరే, మడమతో నేలని కొడుతున్నావు," అన్నాడు పెద్ద సర్వర్. "నువ్వు నేలని కొడితే నేల గ్లాసుని కొడుతుంది. నడుం దగ్గర నిన్ను రెండు ముక్కలు చేశారనుకో. కిందివాడు వేరు, పైవాడు వేరు. నడవడం కిందివాడి పని. పైవాడు ఊరికే కూర్చుని ఉంటాడు. మోకాళ్ళు కాస్త వంచు, అరికాలు నేలమీద పరుచు. నీ తల గోడమీద గీత గీస్తే అది స్కేలు పెట్టి గీసినట్టుండాలి."

నెల రోజులు ఆ గ్లాసే. రాత్రి కలలో కూడా గ్లాసే. నెల తిరిగేసరికి వరండా పొడుగునా నడిచి వచ్చినా ఒక్క చుక్క జారలేదు. పెద్ద సర్వర్ మీసం కింద నవ్వి, గ్లాసు తీసుకుని అందులో నీళ్ళు తనే గటగటా తాగేశాడు. అంతే, పట్టా ఇచ్చినట్టు. ఆ మర్నాడు ట్రే చేతికి వచ్చింది.

ఆ రోజుల సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది వాసన. కాగితాల వాసన, సిరా వాసన, ఆ మధ్యలోంచి మెట్లెక్కి వచ్చే టీ వాసన. రెండో అంతస్తులో టైపు సెక్షన్. పదిమంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని వడగళ్ళు కురిసినట్టు టకటకలాడిస్తూ ఉండేవాళ్ళు. మిగతా సర్వర్లు తెచ్చిన టీ అంటే వాళ్ళకి భయం. సాసరు నిండా టీ ఒలికి, కప్పు ఎత్తగానే అడుగునుంచి చుక్క రాలి, అంతసేపు కొట్టిన పేజీ మీద పడేది. కార్బన్ కాగితాలతో సహా మళ్ళీ మొదటినుంచి కొట్టుకోవాలి. ఈయన తెచ్చిన కప్పు కింద సాసరు కడిగి తుడిచినట్టు పొడిగా ఉండేది. కిటికీ పక్కన కూర్చునే టైపిస్టు అది మొదట కనిపెట్టింది. తర్వాత వేరేవాళ్ళు తెస్తే తాగడం మానేసింది. ఆ తర్వాత ఆయన రావడం ఆలస్యమైతే తలుపు వైపు చూడటం మొదలుపెట్టింది. రెండేళ్ళకి పెళ్ళి చేసుకుంది.

"నన్ను చూసి చేసుకోలేదు, నా సాసర్ని చూసి చేసుకుంది," అని ఆయన ఇప్పటికీ అంటాడు.

"అదొక్కటే గదా చూడదగ్గట్టు ఉండింది," అంటుంది ఆవిడ.

ఆ సెక్షన్ పెద్దాయనే ఒకరోజు ఈయన మెట్లెక్కి రావడం చూస్తూ, "నిండుకుండ తొణకదంటారే, ఇదిగో ఆ కుండ," అన్నాడు. సాయంత్రానికల్లా నాలుగంతస్తులకీ ఆ పేరు పాకింది. మరి పోలేదు.

తర్వాత చాలా ఏళ్ళకి ఆ భవనంలో అంతస్తుకో మిషను పెట్టారు. మీట నొక్కితే కాగితం కప్పులోకి బుస్సుమని టీ లాంటిది ఏదో పడుతుంది. కాగితం కప్పుకి సాసరుండదు. సాసరు లేనిచోట తొణికితే ఏమిటి, తొణకకపోతే ఏమిటి. క్యాంటీను మూతపడింది. ఆయన ఇంట్లో కూర్చున్నాడు. పనిచేసి పనిచేసి ఆగిపోయిన మనిషి ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో ఆ ఇల్లాలికి తెలుసు. గదిలోంచి గదిలోకి తిరుగుతూ, అందరి కప్పులూ తాగీ తాగకముందే ఎత్తుకుపోయేవాడు.

అందుకే కూతురు ఆఫీసు ఉద్యోగం మానేసి, రెండు వీధుల అవతల ఎనిమిది టేబుళ్ళ టీ హోటలు పెట్టినప్పుడు ఆయనకి మళ్ళీ ఊపిరాడింది. కూతురు ఏరి కోరి పింగాణీ కప్పులు, వాటికి సాసర్లు కొంది. ఎవరికోసం కొన్నదో ఎవరూ పైకి అనలేదు. పొద్దుటి రద్దీలో ఆయన ట్రే పట్టుకుని టేబుళ్ళ మధ్య తిరుగుతుంటే, హడావుడిగా వచ్చినవాళ్ళు కూడా కాసేపు మాట ఆపి చూసేవారు. సరిగ్గా మూడు వారాలు సాగింది ఆ వైభోగం. ఒకరోజు ఆయన నిండు ట్రేతో హాలు మధ్యలో ఆగాడు. ట్రే జాగ్రత్తగా టేబుల్ మీద పెట్టాడు. ఆ తర్వాతే తను నేలమీద కూలబడ్డాడు. ఆసుపత్రిలో గుండెకి స్టెంటు వేశారు. హోటల్లో ఒక్క కప్పు కూడా పగల్లేదు.

డాక్టరు చెప్పింది తేలిగ్గానే ఉంది. రోజూ నడవాలి, మెల్లమెల్లగా పెంచుకుంటూ పోవాలి, ఒక నెలపాటు ఆయాసం లేకుండా నడిస్తే చిన్నా చితకా పనులు చేసుకోవచ్చు. కూతురు దానికి తన షరతు ఒకటి కలిపింది. నడిచినట్టు ఫోను చెప్పాలి. ఫోను చెబితేనే ట్రే.

షరతు పెట్టడానికి ఆమె కారణం ఆమెకుంది. సిగరెట్లు మానేశానని ఆయన ఏడాదిపాటు నమ్మించాడు. మానలేదని ఇస్త్రీ కొట్టువాడి ద్వారా తెలిసింది. "ఒకసారి నమ్మి ఆసుపత్రి మెట్లెక్కాను నాన్నా. రెండోసారి ఎక్కలేను," అంది.

నడవడమే కదా అని ఆయన సంబరపడ్డాడు. జన్మంతా చేసింది అదే. చేపపిల్లకి ఈత పరీక్ష పెట్టినట్టుంది అనుకున్నాడు. తీరా చూస్తే ఆ పరీక్షలోనే తప్పుతున్నాడు.

మొదట్లో కూతురు ఫోన్నే అనుమానించింది. అప్పటికింకా నాన్న మీద కొంత నమ్మకం మిగిలే ఉంది. ఒక ఆదివారం ఫోను తీసుకుని సెట్టింగులన్నీ గాలించింది. ఒంటి కదలికలు చూసుకోవడానికి ఆ నడక యాప్ పర్మిషన్ అడిగితే ఆయన మొదటిరోజే "వద్దు" నొక్కేశాడు.

"ఇదేమిటి నాన్నా?"

"ఎవడో నా కదలికలు కనిపెడతానంటే సరేనంటానా?"

అది సరిచేసింది. బ్యాటరీ పొదుపు కోసం ఫోను ఆ యాప్‌ని జోకొట్టి పడుకోబెడుతోంది. అదీ మార్చింది. అయినా మర్నాడు చూస్తే యాప్ మూసుకుపోయి ఉంది. తెరిచి పెట్టింది. మళ్ళీ మూసుకుపోయింది. చివరికి ఆయన పక్కనే కూర్చుని కనిపెట్టింది. ఆయన ఫోనులో టైము చూసుకుంటాడు. చూసుకోవడం కాగానే తెరిచి ఉన్నవాటినన్నిటినీ ఒకటొకటిగా బొటనవేలితో పైకి తోసేసి, తెర ఖాళీ అయ్యాక తృప్తిగా జేబులో పెట్టుకుంటాడు.

"అన్నీ ఎందుకు మూసేస్తున్నావు?"

"పనైపోయాక టేబులు తుడవద్దా? నేర్పలేదా మీ ఆఫీసులో?"

కూతురికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈ ఒక్క యాప్‌ని తోసేయకూడదనీ, అది టేబుల్ మీద మిగిలిన ఎంగిలి కప్పు కాదనీ, వెనకాల తెరిచి ఉంటేనే లెక్కపెడుతుందనీ నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆయన మాట నిలబెట్టుకున్నాడు. మిగతావన్నీ తుడిచి ఆ ఒక్కదాన్నీ వదిలేసేవాడు. టేబుల్ మీద మరక వదిలేసినట్టు ఆయనకి ఎంత బాధగా ఉండేదో చెప్పలేం.

అయినా అంకె పెద్దగా కదల్లేదు. ఇప్పుడు తప్పు మోపడానికి ఇక ఫోను మిగల్లేదు, ఆయనే మిగిలాడు.

నెల అయిపోవస్తున్న రోజున కూతురు గల్లాపెట్టె దగ్గర నిలబడి, ఆయన వైపు చూడకుండా చెప్పింది. "వచ్చే వారం కొత్త సర్వర్ వస్తున్నాడు నాన్నా. పార్కులో బెంచీమీద కూర్చుని రావడం నీ ఇష్టం. కానీ ట్రే మాత్రం ఇవ్వను."

ఆయన ఇంటికి వచ్చి, బూట్లు విప్పకుండానే కుర్చీలో కూర్చున్నాడు. ట్రే పోయినందుకు బాధ ఉంది. కానీ అంతకంటే, నడిచివచ్చిన తన కాళ్ళనే కన్నకూతురు అబద్ధమందన్న బాధ ఎక్కువగా ఉంది. చేయని తప్పుకి మాట పడటం అంటే ఏమిటో ఆ వయసులో తెలిసింది. సిగరెట్ల విషయంలో చేసిన తప్పుకి ఇంత మాట పడలేదని కూడా అప్పుడే గుర్తొచ్చింది.

బెంచీ మాట విన్న భార్య ఊరుకోలేదు. సాయంత్రం కూతురు ఇంటికి రాగానే పట్టుకుంది. "ముప్ఫై ఏళ్ళు టైపు కొట్టాను. అక్షరం తప్పుపడితే అందరూ నా వేలినే చూసేవాళ్ళు. ఎన్నిసార్లు తప్పు మీటది అయ్యిందో నాకు తెలుసు. మనిషిని అనేముందు మిషన్ని ఎవరికైనా చూపించావా?"

"అన్నీ చూశానమ్మా."

"నువ్వు చూశావు. తెలిసినవాళ్ళకి చూపించావా?"

మర్నాడు తండ్రీ కూతుళ్ళు ఫోన్లు బాగుచేసే కొట్టుకి వెళ్ళారు. కొట్టులో ఒకమ్మాయి నుదుటికి లైటు కట్టుకుని, విప్పిన ఫోను ఒకదాని మీదికి వంగి ఉంది. కూతురు సంగతంతా చెప్పింది. అమ్మాయి ఫోను తీసుకుని చేత్తో కాసేపు ఒక తూగులో ఊపింది. అంకె పెరిగింది. జేబులో వేసుకుని కొట్టు ముందు సందులో అటూ ఇటూ నడిచి వచ్చింది. అంకె ఇంకా పెరిగింది.

"ఇది సుబ్బరంగా ఉంది. మీరు నడవండి బాబాయ్."

ఆయన చొక్కా జేబులో ఫోను వేసుకుని, సందు చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చాడు. అంకె ఉన్నచోటే ఉంది. కూతురి ముఖం మారింది. ఇప్పుడు నడవడం ఆమె కళ్ళారా చూసింది.

అమ్మాయి లైటు నుదుటిమీదినుంచి తీసేసింది. "ఇంకోసారి వెళ్ళిరండి," అంది. ఈసారి ఆమె ఫోన్ని చూడలేదు, ఆయన్ని చూసింది. సందులో ఎదుటి గోడకి గుండెల ఎత్తుదాకా నీలం రంగూ పైన తెల్ల సున్నమూ వేసి ఉన్నాయి. రెండూ కలిసేచోట గీత. ఆయన చొక్కా జేబు ఆ గీత వెంబడే జారుతున్నట్టు వెళ్ళింది. పైకీ లేవలేదు, కిందికీ పడలేదు.

"బాబాయ్, మీరేం పని చేసేవారు?"

"టీలు అందించేవాణ్ణమ్మా."

అమ్మాయి నవ్వింది. తన బల్లమీద నీళ్ళ గ్లాసు తీసి, సీసాతో అంచుదాకా నింపి ఇచ్చింది. "దీంతో వెళ్ళిరండి."

ఆయన గ్లాసు అందుకున్నాడు. ఎన్నాళ్ళయిందో చేతికి గ్లాసు తగిలి. సందు చివరిదాకా వెళ్ళి, అక్కడ నిలిపి ఉంచిన సైకిలు పక్కనుంచి తిరిగి వచ్చాడు. గ్లాసు బల్లమీద పెట్టాడు. వేళ్ళు పొడిగా ఉన్నాయి.

"ఫోనుకి కాళ్ళు కనబడవండీ," అంది అమ్మాయి కూతురితో. "లోపల ఆవగింజంత చిప్పు ఉంటుంది. దానికి తెలిసింది కుదుపొక్కటే. మనం అడుగేసినప్పుడల్లా ఒళ్ళు కొంచెం లేచి పడుతుంది. ఆ లేచిపడటం ఒకే వరసలో వస్తూ ఉంటే, ఓహో నడుస్తున్నారు అనుకుని లెక్క మొదలుపెడుతుంది. ఒకటీ అరా కుదుపొస్తే పట్టించుకోదు. గతుకుల రోడ్డుమీద బస్సులో కూర్చుంటే ఒక్కోసారి అదీ నడకే అనుకుంటుంది. బాబాయ్ ఒంట్లో కుదుపే లేదు. కుర్చీలో కూర్చున్నారనుకుంటోంది పాపం."

"సరిగ్గానే అనుకుంటోంది," అన్నాడాయన. పెద్ద సర్వర్ మీసాలు ఆయనకి కళ్ళముందు కనబడ్డాయి. "పైవాడు కూర్చునే ఉన్నాడు. నడిచేది కిందివాడు. ఫోను పైవాడి జేబులో పెట్టాను."

ఆ మాట అమ్మాయికి అర్థం కాలేదు. కానీ ఉపాయం మాత్రం ఆమె చెప్పిందీ అదే. ఫోన్ని కాలికి కట్టుకోమంది. అడుగు ఎంత మెత్తగా వేసినా కాలు ఊగక తప్పదు కదా.

కొట్టు మెట్లు దిగాక కూతురు ఆయన చెయ్యి పట్టుకుంది. "తప్పయిపోయింది నాన్నా. బెంచీ అన్నాను."

"సిగరెట్టుకి అనాల్సింది బెంచీకి అన్నావు. చెల్లుకి చెల్లు," అన్నాడాయన.

ఇంట్లో ఈ కథంతా విని భార్య పాత దుప్పటి ముక్క, ఎలాస్టిక్కు తీసుకుని కుట్టుమిషను ముందు కూర్చుంది. పిక్కకి పట్టేలా సంచీ కుడుతూ, తల ఎత్తకుండానే కూతురితో అంది. "నీకు గుర్తుండదు. చంటిదానివప్పుడు నువ్వు ఒక పట్టాన నిద్రపోయేదానివి కాదు. నేను ఎత్తుకుని తిప్పితే రెండడుగులకే ఉలిక్కిపడి లేచేదానివి. ఈయన పొద్దుణ్ణుంచీ మెట్లెక్కి దిగి వచ్చి, నిన్ను భుజాన వేసుకుని వరండాలో తిరిగేవాడు. నీకు మనిషి నడుస్తున్నట్టే తెలిసేది కాదు. మంచంమీద ఉన్నాననుకుని నిద్రపోయేదానివి."

కూతురు చాలాసేపు నాన్న కాళ్ళ వైపే చూస్తూ కూర్చుంది.

మర్నాటినుంచి ఫోను ఆయన్ని నమ్మింది. అంకెలు బారులు తీరాయి. కొత్త సర్వర్‌కి కబురు పంపి రావద్దన్నారు. నెల తిరిగాక ఒక సోమవారం పొద్దున ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, పిక్కకి దుప్పటి సంచీ బిగించుకుని, ట్రే ఎత్తాడు.

ఆ తర్వాతి రెండేళ్ళూ ఆ హోటలు ఎలా ఉండేదో చూసినవాళ్ళకి తెలుసు. పొద్దుటి ఎండ కిటికీలోంచి మూడో టేబుల్ దాకా వచ్చేది. లోపల పాలు మరిగేవి. ఆయన ఒకచేత్తో ట్రే, ఇంకో చేత్తో గుడ్డ పట్టుకుని, కుర్చీల కాళ్ళూ మనుషుల కాళ్ళూ తప్పించుకుంటూ వచ్చేవాడు. కప్పు పెట్టేటప్పుడు సాసరు చప్పుడు కూడా అయ్యేది కాదు. వెనకటి ఆఫీసు మనుషులు ఒకరిద్దరు, తల నెరిసి, కర్రలు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చారు. టీ తాగడానికి కాదు, సాసరు చూసుకోవడానికి. ఖాళీ వేళల్లో భార్య వచ్చి కిటికీ పక్కన కూర్చునేది. ఆయన అడక్కుండానే టీ తెచ్చేవాడు. ఆవిడ కప్పు ఎత్తి, అడుగు చూసి, తలూపి తాగేది.

దుప్పటి సంచీ ఎలాస్టిక్కు సాగిపోయింది. కొత్తది కుడతానని భార్య అంటూనే ఉంది. ఈలోగా ఒకరోజు ఆయన ఫోన్ని పూర్వంలా చొక్కా జేబులో వేసుకుని పనిలో పడ్డాడు.

మధ్యాహ్నం కూతురు సంతోషంగా వచ్చింది. "నాన్నా, నీ ఫోను దానంతటదే బాగుపడింది. ఇవాళ జేబులో పెట్టుకున్నా మొత్తం లెక్కపెట్టేసింది చూడు."

ఆయన చూశాడు. అంకె నిజంగానే పెద్దది. ఎవరు చూసినా శభాష్ అంటారు.

మర్నాడు పొద్దున రద్దీలో ఆయన ఎవరికీ తెలియకుండా ఒక పని చేశాడు. కప్పు పెట్టాక వెంటనే వెళ్ళిపోకుండా, తాగేవాళ్ళు కప్పు ఎత్తేదాకా పక్క టేబుల్ తుడుస్తూ నిలబడ్డాడు. ఎవరూ ఏమీ అనలేదు. వాళ్ళకి తెలియనే తెలియలేదు. కానీ కప్పు లేచినచోట సాసరులో గోరంత తడి ఉంది. రెండో టేబుల్లో ఉంది, అయిదో టేబుల్లో ఉంది. కిటికీ పక్కన భార్య కప్పు కింద కూడా ఉంది. ఆవిడ అది చూసింది. తలూపింది. తాగింది. చీర చెంగుతో సాసరు తుడిచి, మళ్ళీ కప్పు దానిమీదే పెట్టింది. ఎన్నాళ్ళనుంచి అలా తుడుస్తోందో ఆయన అడగలేదు.

రద్దీ తగ్గాక ఆయన ట్రేని గల్లాపెట్టె మీద, కూతురి ముందు పెట్టాడు.

"ఫోను బాగుపడలేదమ్మా. నేనే తొణుకుతున్నాను."

కూతురికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక గబగబా మాట్లాడింది. డాక్టరు దగ్గరికి వెళ్దామంది. సాసరు తడిస్తే ఏమవుతుంది, తడవనీ అంది. డాక్టరు చూసి, గుండె బాగానే ఉంది, తుంటి కీళ్ళు అరిగాయి, వయసు అని చెప్పాడు. మామూలు మనుషులు నడిచినట్టే నడుస్తున్నారు, కంగారు లేదన్నాడు. ఆ మాటే ఆయనకి అన్నిటికన్నా కష్టంగా తోచింది.

మూడోరోజు మధ్యాహ్నం ఆయన, హోటలు ఖాళీగా ఉన్నప్పుడు, గాజు గ్లాసు తీసి అంచుదాకా నీళ్ళు నింపి కూతురి చేతికిచ్చాడు.

"ఆ గోడ దాకా వెళ్ళిరా."

"నాకా? నలభై దాటాయి నాన్నా. మొక్కై వంగనిది మానై వంగుతుందా?"

"మొక్కగా ఉన్నప్పుడు ఈ నడకలోనే నిద్రపోయావుగా. ఒంటికి గుర్తుంటుంది. నడు."

నీళ్ళు ఆమె మోచేతిదాకా కారాయి. ఆయన ముసిముసిగా నవ్వాడు. తన ఫోను తీసి ఆమె ఏప్రాన్ పై జేబులో వేశాడు. గ్లాసు అబద్ధం చెప్పినా ఇది చెప్పదన్నాడు. అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం అదే పని. ఆయన మూడో టేబుల్ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఆమె గ్లాసుతో నడుస్తుంది. "మడమని అడక్కు, మోకాల్ని అడుగు" అంటాడు. "పైదాన్ని కూర్చోబెట్టు" అంటాడు. తిరిగి రాగానే ఇద్దరూ ఫోను చూస్తారు. లోకంలో అందరూ ఆ అంకె పెరగాలని చూస్తారు. వీళ్ళిద్దరూ పెరగకూడదని చూశారు. పెరిగేది. ఆమె విసుక్కునేది. నేల తుడిచి, మళ్ళీ గ్లాసు నింపేది. భార్య కిటికీ పక్కనుంచి, "తడి నేలమీద జారిపడతారు ఇద్దరూ, అప్పుడు ఫోను ఏం లెక్కపెడుతుందో చూద్దాం," అనేది.

వానాకాలం వచ్చి వెళ్ళింది. తుంటి నొప్పి ఎక్కువై ఆయన ట్రే ముట్టడం పూర్తిగా మానేశాడు. ఆ చేతిలో ఇప్పుడు కర్ర ఉంది.

ఒక మధ్యాహ్నం కూతురు వంటగదిలోంచి ట్రేలో మూడు టీలు పెట్టుకుని వచ్చింది. ఇవాళ గ్లాసు లేదు. కుర్చీల మధ్యనుంచి, కిటికీ ఎండలోంచి వచ్చి, అమ్మ ముందొకటి, నాన్న ముందొకటి పెట్టింది. భార్య కప్పు ఎత్తింది. అడుగు చూసింది. చీర చెంగు కోసం చెయ్యి కదిపి, ఆపేసింది.

ఆయన తన కప్పు ముట్టుకోలేదు. కూతురి ఏప్రాన్ జేబులోంచి ఫోను తీసి, కళ్ళజోడు సరిచేసుకుని చూశాడు. ఆమె ట్రే ఎత్తకముందు తను జేబులో వేసినప్పుడు అంకె ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉంది.

"ఏమంటోంది నాన్నా?"

"నడవలేదంటోంది," అన్నాడాయన. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నడిచావమ్మా."